ఎడమ కంటి తీర్పు

ఫిబ్రవరి 4, సోమవారం

పుస్తకాలు వచ్చాయి. గ్రంథాలయం పై అంతస్తులో పొడవాటి బల్లల మీద పేర్చి పెట్టారు. నిఘంటువులు, అట్లాసులు, మందుల పుస్తకాలు, పక్షుల పుస్తకాలు, వంటనూనెల మీద ఒక విజ్ఞాన సర్వస్వం. తయారుచేసినవాళ్ల పేర్లున్న చోట ఎప్పటిలాగే తెల్ల కాగితం పట్టీలు అంటించారు. లైప్‌జిగ్‌లో అచ్చు పనితనానికి బహుమతులిచ్చే ఈ పోటీ మొదలైనప్పటి నుంచీ రిఫరెన్స్ పుస్తకాల తొలి వడపోత నాది. నేను లోపం చీటీ పెట్టిన పుస్తకం రెండో విడతకు పోదు. చీటీ నకలు ప్రచురణకర్తకు పోతుంది. ఈ నియమం నేను పెట్టింది కాదు, తీసేయమని ఎవరూ అడగలేదు.

నేను పెట్టిన నియమం వేరే ఉంది. ఆ గదిలోకి గీతబద్ద తేకూడదు. కొలిచి చెప్పేవాడు వడ్రంగి. చూసి చెప్పేవాడు న్యాయనిర్ణేత. నాకు అచ్చక్షరాలు కూర్చే పని నేర్పిన కంపోజిటర్ కుడి కన్ను మూసి ఎడమ కంటితో పేజీని చూసేవాడు. రెండు కళ్లతో చూస్తే అక్షరం అందం తెలుస్తుంది, ఒంటి కంటితో చూస్తే పంక్తి తప్పు తెలుస్తుంది అనేవాడు. ఆయన పోయాక ఈ ఊళ్లో అలా చూడగలిగే కన్ను నాదొక్కటే మిగిలింది. ఇది గొప్ప కోసం రాసుకోవడం లేదు, నిజం కాబట్టి రాసుకుంటున్నాను.

సాయంత్రం కాఫీ పోస్తుంటే సగం సాసర్‌లో పడింది.

"కప్పు ఇక్కడుంది ఫోల్క్‌మార్," అంది రోస్విథా. "బల్లకి కాఫీ అలవాటు లేదు."

కొత్త కెటిల్ ముక్కు వంకరగా ఉంది. ఈ రోజుల్లో పెళ్లాం కొనుక్కొచ్చే వస్తువులు కూడా ఎవరూ చూసి తయారుచేయడం లేదు.

ఫిబ్రవరి 6, బుధవారం

చూసినవాటిలో ఒక్కటి తిన్నగా లేదు. ఔషధ మొక్కల పుస్తకంలో పంక్తులు మధ్యలో కుంగాయి. రైలు వంతెనల పుస్తకంలోనూ అంతే. వంతెనలు కూడా కుంగాయి. అది ఫోటోగ్రాఫర్ పని.

ఫిబ్రవరి 8, శుక్రవారం

అదే తంతు.

ఫిబ్రవరి 11, సోమవారం

ఒక విచిత్రం గమనించాను. ఒంపు ఎప్పుడూ నేను చూస్తున్న చోటే ఉంటుంది. పై పంక్తి చూస్తే పైన, కింది పంక్తి చూస్తే కింద. చూపు తిప్పితే అదీ తిరుగుతుంది. సీసం అక్షరాల కాలంలో తప్పు ఎక్కడుందో అక్కడే పడి ఉండేది, మనం పోయి పట్టుకునేవాళ్లం. కంప్యూటర్లు వచ్చాక తప్పులు కూడా తెలివి మీరాయి.

రోస్విథా కంటి డాక్టర్ దగ్గర సమయం తీసుకుంటానంటోంది. కళ్లద్దాలు మార్చాలేమో అంటోంది. పోటీ అయ్యాక చూద్దాం అన్నాను.

ఫిబ్రవరి 13, బుధవారం

ఈ ఏడాది బల్ల మీద నాకు మనసు పడిన పుస్తకం ఒకటే. సోర్బ్ - జర్మన్ నిఘంటువు, మొదటి సంపుటం. సోర్బ్ అంటే బౌట్సెన్ వైపు కొద్దిమంది మాట్లాడే భాష. బల్ల మీద పెట్టి ఎక్కడ తెరిచినా అక్కడే పడుకుంటుంది, చెయ్యి అడ్డు పెట్టక్కర్లేదు. ముఖ్యమైన మాట ఎంత నల్లగా ఉండాలో అంతే నల్లగా ఉంది. అక్షరాల నెత్తిన ఉండే చిన్న గుర్తులు కూడా ఎక్కడా పైపంక్తికి తగలవు. ఎవరు చేశారో గాని ఏళ్ల తరబడి కూర్చుని చేశారు. అలాంటి ఓపిక నేను చాలా కాలంగా చూడలేదు.

తర్వాత కుడి కన్ను మూశాను. కుంగింది. కాలమ్ మధ్యలో, వెంట్రుకవాసి. ఇంకో పేజీ తిప్పాను, అక్కడా అంతే. చాలాసేపు ఆ పుస్తకం దగ్గరే నిలబడ్డాను. మనసు పడ్డానని వదిలేస్తే మిగతా చీటీలకు విలువేముంటుంది? పెట్టేశాను.

మా న్యాయనిర్ణేతల అధ్యక్షురాలు ఇల్జాబే క్రాంట్స్ మామూలుగా నా చీటీల జోలికి రాదు. ముప్పై ఏళ్లు పుస్తక చరిత్ర చెప్పిన మనిషి. ఈసారి మాత్రం ఆగింది.

"దీనిక్కూడానా? నేను బహుమతి దీనికే అనుకుంటున్నాను ట్రెట్టిన్ గారూ."

"నేనూ అనుకున్నాను. పేజీ 212 చూడండి."

ఆవిడ నాలాగే కుడి కన్ను మూసి వంగింది. కాసేపటికి నిట్టూర్చింది. "అవును. ఇదిగో, ఇక్కడ. అయ్యో పాపం."

మూడో న్యాయనిర్ణేత జూరిక్ నుంచి వచ్చిన రేటో ఇమ్‌ఫెల్డ్. కుర్రవాడు కాదు గాని మా మధ్య కుర్రవాడిలా కనిపిస్తాడు. అతను పేజీని దీపం వైపు పట్టుకుని, తిప్పి, మళ్లీ పట్టుకుని చూశాడు.

"మీరు చెప్పాక తెలుస్తోందండీ. చాలా కొంచెం."

"కొంచెమైనా ఒంపు ఒంపే," అన్నాను.

రేటో దాన్ని రాసుకున్నాడు. మనసు కుదుటపడింది. ముగ్గురం చూశాం, ముగ్గురికీ కనిపించింది.

ఫిబ్రవరి 16, శనివారం

మా ఇంటి కిటికీ చట్రం ఒంగిపోయింది. భవనం బాగోగులు చూసే క్రెట్ష్మర్‌ని పిలిపించాను. రసమట్టం తెచ్చి చట్రం మీద పెట్టాడు.

"బుడగ మధ్యలోనే ఉంది సార్."

"నీ రసమట్టం పాతదయ్యా."

"బుడగకి వయసేంటి సార్?"

"చూడు, నడిమి కమ్మీ చూడు. పొట్ట వచ్చినట్టు లేదూ?"

చూశాడు. రోస్విథా వైపు చూశాడు. రోస్విథా సూప్ గిన్నె వైపు చూసింది.

"ఎండాకాలం వస్తే సర్దుకుంటుందేమో సార్," అని రసమట్టం చంకలో పెట్టుకుని పోయాడు. వెళ్తూ మెట్ల మీద రోస్విథాతో ఏదో గుసగుసలాడాడు. భవనం యజమాని మీద ఫిర్యాదు రాయాలి.

ఫిబ్రవరి 21, గురువారం

వద్దన్నా వినకుండా రోస్విథా సమయం తీసుకుంది, నిన్న కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సింది. చీటీలకు కారణాలు రాసే పని మిగిలిపోవడంతో వద్దన్నాను. రోస్విథా ఫోన్ చేసి రద్దు చేసింది. తర్వాత రోజంతా నాతో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. కారణాలన్నీ పూర్తయ్యాయి.

ఫిబ్రవరి 25, సోమవారం

నా రాత ఈ మధ్య గీత దాటి కొండెక్కుతోందని రోస్విథా అంటోంది. నేను రాసుకునే ఈ పుస్తకానికి గీతలు వేసినవాడికి చెయ్యి కుదరలేదు. మొదటి పేజీల్లో బాగానే వేశాడు, పోను పోను నిర్లక్ష్యం చేశాడు. దుకాణంలో మార్చమని అడిగితే, సగం రాసినది మార్చం అన్నారు.

మార్చి 5, మంగళవారం

ఈ రోజు ఒకమ్మాయి ఇంటికి వచ్చింది. పేరు మాయ్కా రీచెర్. బౌట్సెన్ నుంచి వచ్చింది. ఆ నిఘంటువు చేసింది ఆమే. మాటలు ఏరింది, కూర్చింది, పేజీలు కట్టింది, అన్నీ ఆమే. లోపం చీటీ అందుకున్నవాళ్లు అప్పుడప్పుడు పోట్లాటకి వస్తారు. దానికి నేను ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాను. చొక్కా మార్చుకుని కూర్చున్నాను.

పోట్లాడలేదు. రోస్విథా ఇచ్చిన కేకు ముట్టకుండా పళ్లెం పక్కన పెట్టి, రెండో సంపుటం ప్రూఫులు సంచిలోంచి తీసింది.

"నేను వాదించడానికి రాలేదండీ. ఎలా సరిచెయ్యాలో అడుగుదామని వచ్చాను."

"ముందు తప్పు ఒప్పుకున్నందుకు సంతోషం."

"మొదట ఒప్పుకోలేదండీ. మీ చీటీ చూడగానే ఒళ్లు మండింది. గీతబద్ద పెట్టి కొలిచాను. తిన్నగానే ఉంది. మర్నాడు బద్ద లేకుండా చూశాను. ఆ మర్నాడు మళ్లీ. అలా చూస్తూ ఉంటే కనిపించింది."

"ఏం కనిపించింది?" అంది రోస్విథా.

"ఒంపు. ట్రెట్టిన్ గారు చెప్పిన చోటే. ఇప్పుడు ఏ పేజీ తీసినా అదే కనిపిస్తోంది. తొమ్మిదేళ్లు రోజూ చూసిన పేజీలు, ఒక్కరోజు కూడా నాకు తెలియలేదు చూడండి. రెండో సంపుటం ప్లేట్లు సిద్ధమయ్యాయి. అచ్చు ఆపించేశాను. మొదటి నుంచి మళ్లీ కూర్చుతాను."

"ఎన్నాళ్లు పడుతుందమ్మా?" అంది రోస్విథా.

"రెండేళ్లు. మూడేళ్లేమో. ఈలోగా..." ఆగింది. "మాకు మాటలు చెప్పిన ముసలివాళ్లు రెండో సంపుటం ఎప్పుడొస్తుందని అడుగుతుంటారు. వాళ్ల మాట అచ్చులో చూసుకోవాలని. మొదటి సంపుటం వచ్చేలోపే కొంతమంది పోయారు."

నా కంటి మీద ఆ పిల్లకున్న గౌరవం చూసి ముచ్చటేసింది. ప్రూఫు తీసుకుని, కుడి కన్ను మూసి చూశాను. ఒంగింది. వేలు పెట్టి చూపించాను. తలూపింది. వేలు ఇంకో చోట పెట్టాను. అక్కడా తలూపింది. నేను ఎక్కడ వేలు పెడితే అక్కడ తలూపుతోంది.

రోస్విథా నా భుజం మీదుగా వంగి, "నాకు తిన్నగానే కనిపిస్తోందే," అంది.

"నీకేం తెలుస్తుంది?" అన్నాను.

ఆ అమ్మాయి వెళ్లేటప్పుడు నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని థాంక్స్ చెప్పింది. తలుపు వేసి వచ్చాక రోస్విథా నా ఎదురుగా కూర్చుంది.

"రేపు కళ్ల ఆసుపత్రికి వస్తున్నావు. నడిచి వస్తావా, ఈడ్చుకుపొమ్మంటావా?"

"నా కళ్లకేం?"

"నెత్తికెక్కాయి. దింపించుకొద్దాం పద."

మార్చి 6, బుధవారం

వెళ్లాం. రేపు రాస్తాను.

మార్చి 7, గురువారం

నిన్నటి సంగతి. డాక్టర్ చిన్నమ్మాయి, సడోవ్‌స్కి. మర్యాద తెలిసిన మనిషి. నా చేతికి ఒక గళ్ల కాగితం ఇచ్చింది, మధ్యలో చుక్క. కుడి కన్ను మూయించింది. అది నాకు అలవాటే.

"ఎలా కనిపిస్తోందండీ?"

"చాలా నాసిరకం పని. గీతలు మధ్యలో కుంగాయి. చుక్క పక్కన కొన్ని గళ్లకు సిరా అంటనే లేదు. ఎక్కడ వేయించారు దీన్ని?"

"ఎందుకండీ?"

"డబ్బు వాపసు అడగండి."

ఆమె నవ్వలేదు. రోస్విథా కూడా నవ్వలేదు. డాక్టర్ ఈసారి ఎడమ కన్ను మూయించింది.

"ఇప్పుడు?"

ఇప్పుడు గళ్లు గళ్లలా ఉన్నాయి. సన్నటి గీత, సమానమైన నలుపు. నాలుగు మూలలూ కుదిరాయి.

"ఇది బాగుంది. ఇది వేరే ముద్రాపకుడిది," అన్నాను.

"అదే కాగితమండీ. మీ చేతిలోంచి నేను తీసుకోలేదు."

చేతిలో చూసుకున్నాను. ఒకే కాగితం ఉంది. ఎడమ కన్ను మూశాను, కుడి కన్ను మూశాను, మళ్లీ ఎడమ. ఎవరూ నన్ను ఆపలేదు. బయట ట్రామ్ పోతున్న చప్పుడు వినిపిస్తోంది.

కంటి వెనక పొర నడిమధ్యలో సన్నటి రక్తనాళాలు కారుతున్నాయట. ఆ చోటు ఉబ్బిందట, అందుకే తిన్నని గీత ఒంగి కనిపిస్తుందట. కంట్లోకి ఇంజెక్షన్లు ఇస్తారు, ఆగితే అక్కడితో ఆగుతుంది, పోయింది మాత్రం చాలావరకు తిరిగి రాదు. కుడి కంట్లోనూ మచ్చలు మొదలయ్యాయి, వాటిని కనిపెట్టి చూసుకోవాలి.

"ఎప్పటి నుంచి ఉందండీ?"

"పోటీ పుస్తకాలు వచ్చినప్పటి నుంచి," అన్నాను.

"క్రిస్మస్‌కి ముందు నుంచి," అంది రోస్విథా. "చెట్టు వంకరగా ఉందని రెండుసార్లు తిప్పించాడు."

"అప్పుడే వచ్చుంటే బాగుండేది," అంది డాక్టర్. గట్టిగా కూడా అనలేదు.

ట్రామ్‌లో రోస్విథా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇది నేను ఒక్కడినే చదివే పుస్తకం కాబట్టి రాస్తున్నాను. భయమేసింది. చాలా భయమేసింది. ఆ కన్ను లేకపోతే నేనెవరినో నాకు తెలియదు.

మార్చి 8, శుక్రవారం

ఆలోచించాను. ఆరోగ్యం బాగోలేక తప్పుకుంటున్నానని రెండు ముక్కలు రాసి పంపితే చాలు. అబద్ధం కాదు. చీటీల సంగతి ఎత్తక్కర్లేదు. అన్ని పుస్తకాల్లోనూ ఏదో ఒక లోపం ఎలాగూ ఉంటుంది.

మార్చి 9, శనివారం

పైగా ఇల్జాబే, రేటో కూడా చూశారు. వాళ్ల కళ్లు బాగానే ఉన్నాయి.

మార్చి 10, ఆదివారం

వాళ్ల కళ్లు బాగానే ఉంటే వాళ్లకేం కనిపించింది?

మార్చి 12, మంగళవారం

ఇంజెక్షన్. నొప్పి తెలియదని చెప్పారు. తెలియలేదు. సూది రావడం మాత్రం కనిపించింది. అది తిన్నగానే వచ్చింది.

ఇంటికొచ్చి కంటికి కట్టుతో పడుకున్నాను. ఆ అమ్మాయి పళ్లెంలో వదిలేసిన కేకు గుర్తొస్తోంది. గీతబద్ద తిన్నగా ఉందని చెప్పింది, తొమ్మిదేళ్లు తన కళ్లు చెప్పాయి. అవన్నీ పక్కన పెట్టి నా చీటీని నమ్మింది. ఎవరి మాటా వినని ముసలివాడినని నన్ను అందరూ అంటారు. నా మాట వినేవాళ్ల గురించి మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. సిగ్గుగా ఉంది. రోస్విథాకి చెప్పాను.

"శుక్రవారం నాతో గ్రంథాలయానికి రావాలి," అన్నాను.

"తప్పు చాటించడానికి బాకా కూడా తేనా?" అంది. కాని కోటు తీసి బ్రష్ చేసి తలుపు వెనక తగిలించింది.

మార్చి 15, శుక్రవారం

చివరి విడత. ఇల్జాబే, రేటో బల్లకి అటువైపు, రోస్విథా తలుపు దగ్గర. నేను నిలబడే చెప్పాను. ఎడమ కంటి జబ్బు గురించి, గళ్ల కాగితం గురించి. లోపం చీటీలన్నీ వెనక్కి తీసుకుంటున్నానని, నేను తీసేసిన ప్రతి పుస్తకాన్నీ నేను లేకుండా మళ్లీ చూడాలని చెప్పాను.

ఇల్జాబే లేచి నన్ను కూర్చోబెట్టింది. చాలా దయగా.

"మీ ఆరోగ్యం ముందు ట్రెట్టిన్ గారూ. కానీ చీటీల విషయంలో మీరు బాధపడాల్సిన పనిలేదు. ఆ నిఘంటువులో ఒంపు నేనూ చూశానుగా."

"లేని ఒంపు మీరెలా చూశారు?"

"లేదని మీరెలా అంటారు? మీ కన్ను బాగోలేదని మీరే అంటున్నారు."

వాదన బాగానే ఉంది. రేటో అప్పటిదాకా పెన్సిల్ చెక్కుతూ ఉన్నాడు. చెక్కడం ఆపాడు.

"నాకేం కనిపించలేదండీ," అన్నాడు. మొహం ఎర్రబడింది. "ఆ రోజు కూడా కనిపించలేదు. మీకు కనిపించింది, క్రాంట్స్ గారికి కనిపించింది. నాకొక్కడికే కనిపించలేదంటే నేనింకా నేర్చుకోవాలేమో అనుకున్నాను. అందుకే అవునన్నాను."

"నాకు నిజంగా కనిపించింది," అంది ఇల్జాబే.

"నిజంగానా?"

"నిజంగా. స్పష్టంగా."

నేను జేబులోంచి డాక్టర్ సడోవ్‌స్కి చిరునామా కార్డు తీసి బల్ల మీద ఆవిడ ముందు పెట్టాను.

"అయితే ఆలస్యం చెయ్యకండి. నేను ఆలస్యం చేసి పోగొట్టుకున్నాను."

వేళాకోళానికి అనలేదు. నిజంగానే ఆవిడ కోసం కంగారుపడ్డాను. ఇల్జాబే కార్డు వైపు చూసింది. నా వైపు చూసింది. కన్ను పాడైందని ఒప్పుకోవాలి, లేదా లేనిది చూశానని ఒప్పుకోవాలి. గదిలో ఆవిడ ముందు ఆ రెండు దారులే ఉన్నాయి, మేం ముగ్గురం వాటిని చూస్తూ కూర్చున్నాం. తలుపు దగ్గర కుర్చీలో రోస్విథా దగ్గింది.

ఇల్జాబే కార్డు తీసుకుని సంచిలో పెట్టుకుంది. "వెళ్తాను," అంది. ఆ వయసులో అంత మర్యాదగా ఓడిపోవడం నాకు చేతకాదు.

తర్వాత నేను కారిడార్‌లో కూర్చున్నాను. వాళ్లిద్దరూ చీటీలు తీసేసిన పుస్తకాలు మళ్లీ చూశారు. చాలాసేపు పట్టింది. నిఘంటువుకి బహుమతి రాలేదు. కాగితం పల్చన, వెనక పేజీ అక్షరాలు ముందుకి కనిపిస్తున్నాయని రేటో అన్నాడట. అది నిజమే, మొదటిరోజే వేళ్లకి తెలిసింది, మనసు పడి వదిలేశాను. ఆ మాట అనేటప్పుడు అతను ఎవరి వైపూ చూడలేదని ఇల్జాబే చెప్పింది. గీతబద్ద నియమం కూడా కొట్టేశారు. ఎవరో అప్పుడే కిందికి పోయి ఒకటి తెచ్చారు.

మార్చి 16, శనివారం

మాయ్కా రీచెర్‌కి ఫోన్ చేశాను. చీటీ తప్పు, మీ పంక్తులు తిన్నగా ఉన్నాయి, అచ్చు మొదలుపెట్టండి అని చెప్పాను.

"మీరు చాలా మంచివారండీ," అంది. "నా మీద జాలితో అంటున్నారు."

"జాలి కాదు. నా కన్ను పాడైంది."

"అలా అనకండి. మీ కంటి గురించి నాకు తెలుసు. నేను మళ్లీ కూర్చడం మొదలుపెట్టేశాను."

తప్పుందంటే ఒక్క చీటీకి నమ్మింది. లేదంటే ఎంత చెప్పినా నమ్మడం లేదు.

మార్చి 19, మంగళవారం, బౌట్సెన్

రైల్లో వచ్చాం. అచ్చాఫీసు స్టేషన్‌కి దగ్గరే. మాయ్కా లోపల చిన్న గదిలో తెర ముందు కూర్చుని, మొదటి అక్షరం మొదటి కాలమ్ దగ్గర ఉంది. కళ్ల కింద నల్లటి చారలు. తెరిచిన తలుపు అవతల పెద్ద గదిలో అచ్చు ప్లేట్లు గోడకి ఆనించి ఉన్నాయి. యంత్రం నడిపే పెద్దాయన పని లేక స్టూలు మీద కూర్చుని సాసేజ్ తింటున్నాడు.

నేను ఎక్కువ మాట్లాడలేదు. మాటలతో అయ్యే పని కాదని ఫోన్‌లోనే తెలిసింది. బల్ల మీదున్న ప్రూఫు ఒకటి లాగి పట్టుకున్నాను.

"మీ పుస్తకాన్ని నేను ఏ కంటితో చూశానో చూపిస్తాను. నా కుడి కన్ను మీరే ముయ్యండి."

"వద్దండీ..."

"ముయ్యండి. నేను మూసుకుంటే దొంగాట అనుకుంటారు."

చల్లటి అరచెయ్యి కుడి కంటి మీద పడింది. "ఏ మాట చదవను?" అన్నాను. "ఈ నల్లటిది," అని వేలు పెట్టింది. మొదటి అక్షరం ఉంది. చివరిది ఉందనుకుంటా. మధ్యలో బూడిద రంగు మరక. చుట్టూ ఉన్న పంక్తులన్నీ దాని వైపు వంగి ఉన్నాయి. ఊహించి ఒక మాట అన్నాను. అది కాదు. ఇంకో మాట అన్నాను. పెద్దాయన తినడం ఆపాడు. దాని కింది మాట ప్రయత్నించాను, అదీ రాలేదు. దాని కిందిది కూడా రాలేదు. నలభై ఏళ్లు అక్షరాలకి తీర్పు చెప్పినవాడిని, ముగ్గురి ముందు బడిపిల్లాడిలా తడుముకున్నాను. తల తీసేసినట్టయింది. అయినా ఆపలేదు, ఆమే చెయ్యి తీసేసేదాకా.

చెయ్యి తడిగా ఉంది. ఏడుస్తోంది.

"ఈ కంటితోనా?" అంది. "ఈ కంటితోనా నా పుస్తకాన్ని చూసింది?"

"ఈ కంటితోనే. నన్ను క్షమించమ్మా."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె ప్రూఫు నా చేతిలోంచి తీసుకుని కిటికీ దగ్గరికి పోయి చూసింది. చాలాసేపు చూసి తిరిగొచ్చింది.

"నాకింకా కనిపిస్తోందండీ," అంది చిన్నగా. "ఒంపు. మీకు జబ్బని తెలిసింది, కళ్లారా చూశాను. అయినా పోవడం లేదు."

నా కంటికైతే సూదిమందు ఉంది. ఆమె కంటికి నేను పెట్టిన జబ్బుకి ఏ డాక్టర్ దగ్గరా మందు లేదు. అప్పుడు నాకు తోచింది ఒక్కటే.

"నువ్వూ చూడొద్దు, నేనూ చూడను. ఇద్దరి కళ్లూ పక్కన పెడదాం," అన్నాను. "రోస్విథా, నువ్వు చూడు."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఒక్క పేజీ గురించి కూడా నేను ఆమెని అడగలేదు. రోస్విథా వెంటనే రాలేదు. చేతిసంచి కింద పెట్టింది. చదివే కళ్లద్దాలు తీసి చేతిరుమాలుతో తుడిచింది. ప్రూఫు బల్ల మీద పరిచి, కుర్చీ లాక్కుని కూర్చుంది. కన్నేమీ మూయలేదు. పైనుంచి కిందికి, వారపత్రికలో వంటల పేజీ చూసినట్టు, వేలు కదుపుతూ కాలమ్ మొత్తం చదివింది. పక్క కాలమ్‌కి పోయింది. మాయ్కా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. పెద్దాయన కూడా వచ్చి నిలబడ్డాడు.

రోస్విథా వేలు ఒక చోట ఆగింది. మాయ్కా మొహం తెల్లబోయింది.

"అమ్మాయ్," అంది రోస్విథా. "ఈ మాట ఎలా పలకాలి? ఈ అక్షరం నెత్తి మీద ఇదేదో ఉంది చూడు."

మాయ్కా పలికింది. రోస్విథా తిరిగి పలికింది. పెద్దాయనకి నవ్వొచ్చి దగ్గాడు.

"అలా కాదండీ, నాలిక పైకి పెట్టాలి," అంది మాయ్కా, కళ్లు తుడుచుకుంటూ.

రోస్విథా మళ్లీ పలికింది. ఈసారి ఇంకా ఘోరం. మాయ్కా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ మాట వాళ్ల అమ్మమ్మ ఎప్పుడు వాడేదో చెప్పడం మొదలుపెట్టింది. రోస్విథా దాని కింది మాట అడిగింది. ఇద్దరి తలలూ ఆ పేజీ మీదే ఉన్నాయి. పంక్తుల సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తడం లేదు.

"ఏమమ్మా, యంత్రం వెయ్యనా?" అన్నాడు పెద్దాయన.

"వెయ్యండి," అంది మాయ్కా తలెత్తకుండానే. తర్వాత రోస్విథాతో, "కాదండీ, ఇది ఊరికే అనే మాట కాదు, పిల్లల మీద కోపమొచ్చినప్పుడు మాత్రమే అంటారు," అంది.

నేను బయట మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను. కాసేపటికి లోపల యంత్రం కదిలింది. ఏడుపొచ్చింది. ఆ పనికి రెండు కళ్లూ బాగానే ఉన్నాయి.